గజ్జె కట్టిన ఎటకారం

పార్వతీపురం పక్క పల్లెలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటకు బిరుదులు చాలా ఇచ్చాం. దాని అసలు బలాన్ని మాత్రం ఇంకా సరిగ్గా లెక్కగట్టలేదు.

ఎల్దమొస్తవ. పుస్తకాల తెలుగులో రాస్తే ఈ మాట 'వెళ్దాం, వస్తావా' అవుతుంది. అర్థంలో తేడా ఏమీ రాదు. కానీ పార్వతీపురం సంతలో కావిడి దించుకున్న రైతు, బొబ్బిలి బస్సు కోసం నిలబడ్డ ఆడకూతురు, పలాస జీడిపప్పు బట్టీలో గింజలు ఒలిచే అమ్మాయి పక్కవాళ్లను పిలిచే తీరు మొదటి మాటలోనే ఉంది. మొదట్లోని 'వ' రాలిపోతుంది, దీర్ఘాలు పొట్టివవుతాయి, రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకుని ఒక్కటైపోతాయి. వంగపండు ప్రసాదరావు తన పాటలన్నిటిలోకీ పేరుపొందిన పాటకు ఈ మాటనే పల్లవిలో పెట్టుకున్నారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' వినేవాళ్లకు మొదట సరసంగానే తగులుతుంది. తీర్థానికి పోదామని పిల్ల పిల్లడిని పిలుస్తున్నట్టే ఉంటుంది. పిలుపు ఎక్కడికో తెలిసేసరికి విన్నవాడు ఆ వరసలో ఊగుతూ శ్రీకాకుళం కొండల దాకా వచ్చేసి ఉంటాడు. తెలుగులో ఉద్యమ పాటలు చాలానే ఉన్నాయి. జనాన్ని ఇంత చనువుగా, ఇంత కొంటెగా చెయ్యిపట్టి లాక్కుపోయినవి అరుదు.

ప్రజాకవి, విప్లవ గాయకుడు, జానపద శిఖరం అని వంగపండును గౌరవిస్తూ వచ్చాం. ఇవేవీ అబద్ధం కావు. కానీ గద్దరుకూ ఇవే బిరుదులిచ్చాం, మరో పదిమందికీ ఇచ్చాం. వంగపండు పాటను వేరుగా నిలబెట్టిన గుణం వీటిలో దొరకదు. ఉత్తరాంధ్ర జనం నాలుక మీద ఎప్పుడూ ఆడే మాటలోనే ఆ గుణముంది. అది ఎటకారం. చేతులు కట్టుకుని నిలబడమన్న చోట నడుం మీద చెయ్యేసి మాట్లాడటం, పెద్ద పేరున్న దేన్నైనా ఒక్క ముక్కతో నేలకు దించడం, ఏడవాల్సిన సంగతిని కూడా ఎదుటివాడు నవ్వి ఆ తర్వాత ఆలోచించేలా చెప్పడం. దీన్ని అల్లరి అని, మోటుతనమని పక్కన పెట్టడం తప్పు. ఇది తరాలుగా సానపట్టిన కళాపద్ధతి. ఆ పద్ధతికి ఆయన గజ్జె కట్టి, తెలుగు నేలంతా తిప్పారు. ఆయన గొప్పతనానికి మూలం అక్కడుందన్నది ఈ వ్యాసం వాదన.

వంగపండు 1943లో పెదబొండపల్లిలో పుట్టారు. జమీందారీలు ఏలిన నేల అది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి గానీ, ఏజెన్సీలో గిరిజనుల పొలాలు షావుకార్ల అప్పుల లెక్కల్లో కరిగిపోతూనే వచ్చాయి. ఆ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చారు. 1970లో దాన్ని మరింత బిగించాల్సి వచ్చింది. మొదటిది సరిగా పనిచేసి ఉంటే రెండోదాని అవసరమే ఉండేది కాదు. ఈ రెండింటి నడుమ, 1967 అక్టోబరు 31న, మొండెంఖల్లు సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న ప్రాణాలు కోల్పోయారు. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం అక్కడి నుంచి సాయుధ మార్గం పట్టింది. 1970 జూలైలో నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం హతులయ్యాక దాని వెన్ను విరిగింది. హైదరాబాదులో బి. నర్సింగరావు, గద్దర్‌లతో పాటు వంగపండు కూడా చెయ్యివేసిన విప్లవ కళాబృందం జననాట్యమండలి 1972లో రూపం దిద్దుకుంది.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం కొండల వైపు రమ్మని పిలిచే ఆ పాట జననాట్యమండలి వేదికల మీద మారుమోగిన కాలమంతా పోరాటం దెబ్బతిన్న తర్వాతి కాలమే. అలాంటప్పుడు కవులు మామూలుగా స్మృతిగీతాలు రాస్తారు. అమరులకు జోహార్లు, కన్నీళ్లు, శపథాలు ఉంటాయి. అవి తప్పనిసరే, తెలుగులో గొప్ప స్మృతిగీతాలూ వచ్చాయి. వంగపండు అదే నేలను పెళ్లివారింటికి దారి చెప్పినట్టు చెప్పారు. ఓటమి ముందు తల వంచలేదు, దానికి అంత మర్యాద కూడా ఇవ్వలేదు. ఎటకారానికి మనం సాధారణంగా ఇచ్చే అర్థం దొరను వెక్కిరించడం. అంతకంటే కష్టమైనది, ఎక్కువ ధైర్యం కావలసినది తమ సొంత దుఃఖం ముందు కూడా సాగిలపడకపోవడం. ఈ పాటలో అది ఉంది.

'భూమి భాగోతం' అనే పేరు చూడండి. భాగోతమంటే భాగవతం. తూర్పు భాగోతంలో సత్యభామ వేషం కట్టి, మద్దెల మీద తెల్లవార్లూ ఆడే భక్తి ఆట. అదే మాటకు మన వీధుల్లో ఇంకో అర్థముంది. 'వాడి భాగోతమంతా బయటపడింది' అంటే గుట్టు రట్టయిందని. భూమి సమస్య మీద కట్టిన ఆటకు వంగపండు ఈ పేరు పెట్టేసరికి రెండు అర్థాలూ ఒకేసారి నిద్రలేచాయి. భూమి అమ్మవారిలా పూజించదగ్గదన్నదీ వచ్చింది, దాన్ని ఎవరెవరు ఎలా మింగారో చెప్తాం వినండన్నదీ వచ్చింది. కరపత్రం నాలుగు పేజీల్లో చెప్పేదాన్ని టముకు వేసేవాడి నోట రెండు మాటల్లో పెట్టగలిగారు. ఇది ఉద్యమం నేర్పిన విద్య కాదు. ఉద్యమం ఆయనకు విషయాన్ని ఇచ్చింది, చెప్పే ఒడుపు మాత్రం ఊరు ఇచ్చింది.

ఆ ఊరి బడి ఎలాంటిదో చూడాలి. జముకుల కథనే తీసుకోండి. జముకు చూడటానికి చిన్న కుంచంలా ఉంటుంది. అడుగున తోలు, తోలు మధ్యనుంచి తీసిన నరం. దాన్ని బిగబట్టి మీటితే లోపల్నుంచి మూలుగులాంటి నాదం పుడుతుంది. బిగువు పెంచితే అదే నాదం దెప్పిపొడిచినట్టు పైకి లేస్తుంది. ప్రధాన కథకుడు గంభీరంగా కథ ఎత్తుకుంటాడు. పక్కనున్న వంతగాడు 'అదేటి?', 'నిజమేనేటి?' అంటూ అడ్డం తగులుతాడు. రాజునైనా దేవుణ్నైనా ప్రశ్న అడక్కుండా పోనివ్వడు. ప్రశ్నే కథలో భాగం. బొడ్డపాడు గుడిలో అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే పట్టుకుని ఊరూరా పోరాటం కథ చెప్పారు. 1969 డిసెంబరు 22న ఆయన్ని కాల్చి చంపారు. తప్పెటగుళ్లది వేరే జోరు. రొమ్ము మీద రేకు తప్పెట వేలాడదీసుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలు ఒక్కటై మోగేలా యాదవ కళాకారులు గుండ్రంగా దూకుతారు. వాద్యానికీ ఒంటికీ మధ్య ఎడం లేదు, గుండె మీదే దరువు. ఈ ఆటలన్నిటికీ వేదిక అమ్మవారి సంబరమో, తీర్థమో. ఒకవైపు రంగులరాట్నం తిరుగుతుంటుంది, ఇంకోవైపు పకోడీల బాణలి సలసలమంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు. టిక్కెట్టు కొని బుద్ధిగా కూర్చునే ప్రేక్షకుడెవడూ అక్కడ లేడు. పట్టి నిలబెట్టలేకపోతే జనం జీళ్ల కొట్టు వైపు నడిచిపోతారు. వంగపండు పాటలో వృథాగా ఒక్క మాట ఉండకపోవడానికి కారణం ఈ సంబరాల శిక్షణ.

చదువుకున్న విజయనగరమూ ఈ గాలికి దూరంగా లేదు. 1892లో అక్కడ తొలిసారి ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం' పెద్దమనుషుల మర్యాదను వాళ్ల వాడుక మాటలతోనే బట్టబయలు చేసింది. అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరం సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు అంత పాండిత్యముండీ కాలికి గజ్జె కట్టి హరికథ చెప్పారు. అలమండ కథలు రాసిన పతంజలి రాజుల దర్జాను ఎలా దులిపారో చదివినవాళ్లకు తెలుసు. వీళ్లంతా వంగపండుకు గురువులని నేననడం లేదు. ఒకే చెరువు నీళ్లు వేరువేరు రేవుల్లో తాగారంటున్నాను.

ఇలాంటి పద్ధతి మన ఒక్కరికే ఉందనుకోవడం కూడా సరికాదు. ఆస్ట్రేలియాలో కార్మికులు చేరే మద్యశాలల్లో పుట్టిన రాక్ సంగీతం చరిత్ర చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 1966 దాకా ఆ దుకాణాలు సాయంత్రం ఆరింటికే మూసెయ్యాలి. ఆ నిబంధన పోయాక పెద్ద హాళ్లలో రాత్రి సంగీతం మొదలైంది. గోల చేసే జనం ముందు పాడి నెగ్గుకురావాల్సిన బృందాలు పుట్టాయి. వాటిలో స్కైహుక్స్ అనే మెల్‌బోర్న్ బృందానిది మనం పట్టించుకోవాల్సిన కథ. అప్పటిదాకా ఆస్ట్రేలియా గాయకులు అమెరికా ఊళ్ల పేర్లు, అమెరికా యాస అరువు తెచ్చుకునేవారు. స్కైహుక్స్‌కు పాటలు రాసిన గ్రెగ్ మకైన్ష్ తన నగరంలోని పేటల పేర్లనే పాటల్లో పెట్టాడు. కార్ల్‌టన్, బాల్విన్, టూరాక్ అంటూ మనం విజయనగరంలో గంటస్తంభం, కోట జంక్షన్ అన్నట్టు రాశాడు. 1974లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బంలో పది పాటలుంటే ఆరింటిని వాణిజ్య రేడియోలు నిషేధించాయి. అయినా అది అప్పటికి ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడైన స్వదేశీ ఆల్బం అయింది. 1975 జనవరిలో యువతరం కోసం సిడ్నీలో ప్రభుత్వ రేడియో కొత్త స్టేషన్ తెరిచినప్పుడు, నిషేధంలో ఉన్న వాళ్ల పాటతోనే ప్రసారం మొదలుపెట్టింది. ఏంజెల్స్ అనే ఇంకో బృందం విరహగీతం పాడితే శ్రోతలంతా పల్లవికి పచ్చి బూతుతో జవాబివ్వడం ఆచారమైపోయింది. బృందం దాన్ని ఆపలేదు, ఆ జవాబుకు చోటు వదిలి పాడటం నేర్చుకుంది. మన వంతగాడి పని అక్కడ హాలంతా చేసిందన్నమాట.

తేడా ఉంది, దాన్ని దాచడం అన్యాయమవుతుంది. అక్కడ నిషేధమంటే రేడియోలో పాట రాకపోవడం. ఇక్కడ పాణిగ్రాహి ప్రాణమే పోయింది. వాళ్ల తిరుగుబాటును కంపెనీలు రికార్డులు చేసి అమ్ముకున్నాయి. మన పాట నోటినుంచి నోటికి, చాలాకాలం తర్వాత క్యాసెట్లకు ఎక్కింది. ఈ తేడాలన్నీ ఒప్పుకున్నాక కూడా ఒక పోలిక మిగులుతుంది. రెండుచోట్లా పాట బలం పుంజుకున్నది తన వీధి పేరు, తన యాస సిగ్గుపడాల్సినవి కావని గుర్తించిన రోజునే.

యాస సంగతి మనకు మరీ ముఖ్యం. దశాబ్దాలుగా తెలుగు సినిమా శ్రీకాకుళం యాసను ఎవరికిచ్చింది? పనిమనిషికి, వంటవాడికి, బస్టాండులో తికమకపడే అమాయకుడికి. 'ఏటి', 'ఎల్లిపోనాడు', 'వొచ్చీసినాను' అనగానే హాల్లో నవ్వు రావాలి. ఆ నవ్వు మాట్లాడేవాడి మీద. వంగపండు అదే యాసతో నవ్వించారు, కానీ ఆ నవ్వు వాడి మీద నుంచి వాణ్ని నవ్వులపాలు చేసేవాడి మీదకు మళ్లింది. విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేసిన అనుభవం వెనకున్న 'యంత్రమెట్టా నడుస్తు ఉందంటే' అన్న పాటలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది. యంత్రం గొప్పదనం చెప్పేలా మొదలెట్టి, దాన్ని నడిపే చేతుల లెక్క అడుగుతారు. 1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'తో వంగపండు పాట వెండితెరకెక్కింది. నవ్వులాటకే పరిమితమైన యాస ఆ తెర మీదే కథను నడిపే గొంతైంది.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు. వాళ్లవి కొట్టిపారేసే మాటలు కావు. మొదటిది: ఆయన ఒక పార్టీ సాంస్కృతిక దళం మనిషి, పాట ప్రచార సాధనం మాత్రమే, దాన్ని కళాపద్ధతి అనడం అతి. సాయుధ రాజకీయాలతో విభేదించే పాఠకులకు ఈ అభ్యంతరం న్యాయంగానే తోస్తుంది. ఆ రాజకీయాలు ఎందరి ప్రాణాలు తీశాయో లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడటం నాకూ ఇష్టం లేదు. అయితే ప్రచార గీతానికి ఒక లక్షణముంది. ప్రచారం పాతబడగానే అదీ పాతబడుతుంది. ఆ పార్టీ పేరు కూడా సరిగా తెలియని పిల్లలు పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఈ పాటకు అడుగులేస్తున్నారు. ఇంత బతుకు సిద్ధాంతం ఇచ్చింది కాదు. అలాగని సిద్ధాంతాన్ని తీసేస్తే పాట బాగుపడుతుందనీ కాదు. 2009లో 'మగధీర'లోని ఒక పాటలో ఆ పల్లవి మాటలు వాడుకున్నప్పుడు వంగపండు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం హక్కుల గురించే అనుకుంటే పొరపాటు. పిలుపు మిగిలి, ఎక్కడికో చెప్పే ఊరు పోయింది. కొండ లేని 'ఎల్దమొస్తవ' ఉత్త సరసం. ఆ సరసమూ ఆ కొండా కలిస్తేనే అది వంగపండు పాట.

రెండో అభ్యంతరం భాషా ప్రియులది. ఇది మోటు, పిల్లల నోట ఇలాంటి తెలుగు అలవాటైతే ఎలా అంటారు. ఈ మాట మనకు కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోట్లాడినప్పుడు 'గ్రామ్యం' అంటూ పండితులు ఇదే అన్నారు. గిడుగు గెలిచారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అదే రోజు బడిలో 'ఏటి' అన్న పిల్లవాడిని 'ఏమిటి' అనమని దిద్దితే, ఆ వేడుకకు అర్థమేముంది? ప్రామాణిక భాష నేర్పవద్దని నేననను, ఉద్యోగానికీ పరీక్షకూ అది కావాలి. ఇంటి మాట తప్పు మాట అని నేర్పకపోతే చాలు.

మూడోది నైతికమైనది: వ్యవస్థను నిలదీసిన మనిషి 2017లో ప్రభుత్వం ఇచ్చిన కళారత్న పురస్కారం తీసుకున్నాడు, ఎటకారం అక్కడ ముగిసిపోలేదా? మనిషి జీవితం గురించి అడగాల్సిన ప్రశ్నే ఇది. కానీ పాటను దీంతో కొలవలేం. గురజాడ విజయనగరం సంస్థానంలో కొలువు చేశారు, 'కన్యాశుల్కా'న్ని ఆ సంస్థానం మహారాజు ఆనందగజపతికే అంకితమిచ్చారు. దానివల్ల గిరీశం నాలుక మొద్దుబారలేదు. పాట కట్టినవాడు ఎవరి చేత శాలువా కప్పించుకున్నాడన్నది తర్వాతి సంగతి. కట్టిన రోజు ఆ పాట ఎవరి కళ్లలోకి చూసి మాట్లాడిందన్నదే అసలు ప్రశ్న.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో గుండెపోటుతో కన్నుమూశారు. కరోనా రోజులవి, జనం గుంపుగా చేరకూడని కాలం. జీవితమంతా గుంపుల మధ్య పాడిన మనిషికి అలాంటి వీడ్కోలు దక్కింది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం ప్రత్యేక జిల్లా అయింది. కొత్త జిల్లాకు కలెక్టరేటు వచ్చింది, బోర్డులు వచ్చాయి. ఆ నేల పాటలు దొరికే చోటు ఒకటి ఇంకా రావాలి. ఆయన పాటలను పుస్తకాలుగా వేసేవాళ్లకు, బడి పాఠాల్లో చేర్చేవాళ్లకు ఒక విన్నపం: అచ్చు దిద్దేటప్పుడు ఆ మాటలను దిద్దకండి. 'ఎల్దమొస్తవ'ను 'వెళ్దాం వస్తావా' చెయ్యకండి. పాఠకులకు ఇంకో విన్నపం. ఆ రోజుల్లో వంగపండుకు వంత పాడినవాళ్లు, తప్పెట వాయించినవాళ్లు, జముకు మీటినవాళ్లు మీ ఊళ్లో ఇప్పటికీ ఉండొచ్చు. వాళ్ల వయసు ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. మీ చేతిలో ఫోను ఉంది. అమ్మవారి సంబరాలకు ఊరెళ్లినప్పుడు వాళ్ల దగ్గర కూర్చుని, పేరూ ఊరూ చెప్పించి, పాట మొత్తం రికార్డు చెయ్యండి.